మూసీ వరద నవలకు కాగితమా, జ్ఞాపకమా?

1908 సెప్టెంబర్ 28 నాటి మూసీ వరద మీద నవల రాస్తున్నాను. హైదరాబాద్ తార్నాకలో పాత సర్కారు కాగితాలు దాచే రాష్ట్ర ఆర్కైవ్స్‌లో తేదీలు, హుకుంలు దొరుకుతాయి. కానీ నిజాం కాలపు కాగితాలు ఎక్కువగా ఫార్సీ, ఉర్దూల్లోనే. చదివిపెట్టే మనిషి లేకపోతే పేజీ కదలదు. పైగా వాటిలో వినిపించేది సర్కారు గొంతే.

కొట్టుకుపోయినవాళ్ల గొంతు పాతబస్తీ పెద్దవాళ్ల దగ్గర ఉంది. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టెక్కి సుమారు 150 మంది బతికారని తాతల నుంచి విన్నవాళ్లు చెబుతుంటే ఒళ్లు జలదరిస్తుంది. కొమ్మను కరుచుకున్న ఆ చేతుల నొప్పి ఏ ఫైల్లోనూ దొరకదు. ఆ చెట్టు ఇప్పటికీ ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది, వీలైతే చూసి రండి. వీధుల పేర్లు, రోజులు మాత్రం ఒక్కో నోట ఒక్కోలా వస్తాయి. అదే నా టెన్షన్.

అందుకే ముందు పెద్దవాళ్లతోనే కూర్చుంటాను. తేదీలకు ఆర్కైవ్స్ ఎక్కడికీ పోదు. ఆ పెద్దలే రోజురోజుకీ తగ్గిపోతున్నారు.