గ్రాఫ్ రైటింగ్ ప్యాక్ కొనబోతున్న టీచర్లూ, ఒక్క నిమిషం ఆగండి

అదేనండీ, ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ (విదేశాల్లో చదువుకోవడానికి రాసే ఇంగ్లీషు పరీక్ష) టాస్క్ వన్ (గ్రాఫునో, చార్టునో చూసి వర్ణించే ప్రశ్న) పాఠాలన్నీ రెడీమేడ్‌గా ఇస్తామని, టీచరు ప్రింట్ తీసుకుని క్లాసుకి వెళ్తే చాలని పొద్దున్న లేస్తే యాడ్ కనిపిస్తుందే, ఆ ప్యాక్. డబ్బులు పోయాయి. మీరు కొనకండి.

శాంపిల్‌గా చూపించేది లైన్ గ్రాఫ్ పాఠం ఒక్కటే. అది నిజంగానే బాగుంది. మిగతావి తెరిస్తే తల తిరుగుతుంది. 20 శాతం నుంచి 30 శాతానికి చేరిన అంకెకి మోడల్ ఆన్సర్‌లో "ఇంక్రీజ్డ్ బై టెన్ పర్సెంట్" అని ఉంది. పెరిగింది 10 పర్సెంటేజ్ పాయింట్లు. శాతంలో చెప్పాలంటే 50. ఆ కిందే "రోజ్ టు థర్టీ" అని ఉండాల్సిన చోట "రోజ్ బై థర్టీ". పిల్లలు ఎప్పుడూ తడబడేది ఈ బై (ఎంత పెరిగిందో), టు (ఎంతకి చేరిందో) దగ్గరే, ఆన్సర్ కీ కూడా అక్కడే బోర్లా పడింది. 52 నుంచి 48కి తగ్గితే "ప్లమెటెడ్" అట! నాలుగు పాయింట్లకే పాతాళం.

ఇక పై చార్ట్ (ముక్కలుగా కోసిన గుండ్రటి చార్టు) పాఠం చూడాలి. ఉన్నది ఒకే ఏడాది చార్టు, వర్ణన మాత్రం "గ్రూ స్టెడిలీ". రెండో ఏడాదే లేనప్పుడు ఎక్కణ్ణుంచి పెరిగినట్టు? అక్కడ నేర్పాల్సింది పోలిక: అకౌంటెడ్ ఫర్, ద లార్జెస్ట్ షేర్, ట్వైస్ యాజ్ మెనీ యాజ్. పైగా ఆ ముక్కలన్నీ కూడితే 112 శాతం వచ్చింది.

ఏ మోడల్ ఆన్సర్‌లోనూ ఓవర్‌వ్యూ లేదు. బ్యాండ్ సెవెన్ (తొమ్మిదికి ఏడు స్కోరు) కావాలంటే ముఖ్యమైన ట్రెండ్లు, తేడాలు స్పష్టంగా చెప్పే ఓవర్‌వ్యూ ఉండాల్సిందే. ఇంట్రడక్షన్ ఏమో ప్రశ్నని ఉన్నదున్నట్టు దించేశారు. అలా దించిన మాటలు కనీసం రాయాల్సిన 150 పదాల లెక్కలోకే రావు.

ఇవన్నీ పేజీ నంబర్లతో సహా అమ్మినాయనకి పంపితే వచ్చిన జవాబు ఇదీ: "ఇది మ్యాథ్స్ క్లాస్ కాదు మేడమ్. స్టూడెంట్స్‌కి టెంప్లేట్ చాలు. మీకు చెప్పడం రాకపోతే మా ప్యాక్ ఏం చేస్తుంది?" తప్పు కూడిక ఆయనది, చేతకానితనం మనది! రీఫండ్ అడిగితే డౌన్‌లోడ్ అయిపోయింది కదా, కుదరదన్నాడు. ఆ వెంటనే బ్లాక్. పొద్దున్నే మళ్లీ అదే యాడ్, "టీచర్ల నమ్మకం" అనే ట్యాగ్‌లైన్‌తో. సిగ్గుండాలి.

ఏ ప్యాక్ కొన్నా డబ్బు కట్టేముందే పై చార్ట్‌దో, టేబుల్‌దో మోడల్ ఆన్సర్ ఒకటి అడగండి. లైన్ గ్రాఫ్‌ది ఎవరైనా బాగానే చూపిస్తారు. అందులో ఓవర్‌వ్యూ ఉందా, ప్రతి అంకె చార్టుతో సరిపోతోందా చూసుకోండి. ఇప్పటికే దీన్ని కొన్నవాళ్లుంటే, ఆ పై చార్ట్ షీట్ మాత్రం పిల్లల చేతికివ్వకండి.