లివర్‌పూలా, రిషికేశా? బీటిల్స్ కోసం ముందు ఎక్కడికి?

మా మేనల్లుడిది బరంపురమే, ఇప్పుడు భువనేశ్వర్‌లో ఉద్యోగం. వాడికి గిటారన్నా, 1960ల్లో లోకాన్ని ఊపేసిన ఇంగ్లండు పాటల బృందం బీటిల్స్ అన్నా ప్రాణం. ఠాకురాణి జాత్రకి ఇంటికొచ్చినప్పుడు భోజనాల దగ్గర అడిగాడు: "మావయ్యా, నాలుగేళ్ళుగా కూడబెట్టిన డబ్బుంది. లివర్‌పూల్ వెళ్ళనా, రిషికేశ్ వెళ్ళనా?" నేను రెండూ చూశానని వాడికి తెలుసు. మా అమ్మాయి మాంచెస్టర్‌లో నర్సుగా చేస్తోంది, అక్కణ్ణించి లివర్‌పూల్ రైల్లో గంట లోపే. విస్తట్లో చెయ్యి ఆరిపోయేదాకా చెప్పినా, చెప్పాల్సింది ఇంకా మిగిలిపోయింది. అందుకే ఈ రాత.

ముందు డబ్బు మాట. లివర్‌పూల్ అంటే వీసా, విమానం, అక్కడ బస అన్నీ కలిపి లక్షల్లో పని. వీసాకి వేలిముద్రలివ్వడానికే హైదరాబాదో కలకత్తానో వెళ్ళి రావాలి. రిషికేశ్‌కి పూరీ నుంచి ఉత్కళ్ ఎక్స్‌ప్రెస్ ఉంది. ఒకప్పుడు హరిద్వార్‌లో ఆగిపోయేది, ఇప్పుడు యోగ్ నగరీ రిషికేశ్ దాకా పోతోంది. బరంపురం నుంచి ఖుర్దా రోడ్ వెళ్ళి దాన్నెక్కితే చాలు, రెండు రాత్రులు రైల్లోనే. ఖర్చు వేలల్లో తేలిపోతుంది. డబ్బొక్కటే తూకమైతే ఈ రాత ఇక్కడితో ఆపెయ్యొచ్చు. కానీ వాడు అడిగింది మనసుకి ఏది నిండుతుందని.

చూడ్డానికి ఎన్ని ఉన్నాయని లెక్కేస్తే లివర్‌పూల్‌కి సాటి లేదు. జాన్, పాల్, జార్జ్, రింగో నలుగురూ ఆ ఊళ్ళోనే పుట్టారు. వూల్టన్‌లో సెయింట్ పీటర్స్ చర్చి ఉంది. 1957 జులై 6న ఆ చర్చి తిరునాళ్ళలో పదహారేళ్ళ జాన్ లెనన్‌ని పదిహేనేళ్ళ పాల్ మెకార్ట్‌నీ మొదటిసారి కలిశాడు. ఆ చర్చి శ్మశానంలోనే ఎలియనోర్ రిగ్బీ అన్న పేరున్న సమాధి రాయి కనిపిస్తుంది, వాళ్ళ పాట ఒకదాని పేరూ అదే. పెన్నీ లేన్ మామూలు వీధి, పాట తెలియనివాడికి అందులో విశేషమేమీ ఉండదు. పేరున్న పలకల్ని అభిమానులు ఊడబీక్కుని పోతుంటే, గోడల మీదే పేరు రాయించాల్సి వచ్చింది. ఆల్బర్ట్ డాక్ దగ్గర బీటిల్స్ స్టోరీ అనే మ్యూజియం 1990 నుంచి ఉంది. పిల్లలతో వెళ్ళేవాళ్ళకి బాగుంటుంది.

అక్కడ నన్ను కట్టి పడేసినవి రెండు ఇళ్ళు. ఫోర్త్‌లిన్ రోడ్ 20వ నంబరు పాల్ వాళ్ళిల్లు. పురపాలక సంఘం అద్దెకిచ్చే వరస ఇళ్ళలో ఒకటి. వాళ్ళు 1955లో అందులో చేరారు, మరుసటి ఏడే వాళ్ళమ్మ మేరీ పోయింది. వీధి వైపు గదిలో జాన్, పాల్ ఎదురెదురుగా కూర్చుని పాటలు కట్టేవాళ్ళు. మా రైల్వే క్వార్టర్లలో ముందు గది ఎంతో, అదీ అంతే. ఒక కుర్చీ జరపాలంటే ఇంకొకరు లేవాలి.

మెన్‌లవ్ అవెన్యూలోని మెండిప్స్‌లో జాన్ పెరిగాడు. తల్లి జూలియా వేరే ఉండేది, పెంచింది పెద్దమ్మ మిమీ. తలుపు ముందు చిన్న గాజు వసారా ఉంది. ఇద్దరు నిలబడితే మూడో మనిషికి చోటుండదు. గిటారు మోత పడలేక పెద్దమ్మ వీళ్ళని ఆ వసారాలోకి పంపేదట. నేను అందులో నిలబడి చిన్నగా చప్పట్లు కొట్టాను. గాజుకి తగిలి చప్పుడు గట్టిగా, శుభ్రంగా తిరిగొచ్చింది. ఆ కుర్రాళ్ళకి అక్కడ పాడటం ఎందుకంత ఇష్టమో చెవికి తెలిసింది. ఈ రెండు ఇళ్ళూ పాత కట్టడాల్ని కాపాడే నేషనల్ ట్రస్టు అనే సంస్థ చేతిలో ఉన్నాయి. ముందుగా టికెట్టు తీసుకున్నవాళ్ళనే లోపలికి రానిస్తారు, చలికాలంలో మూసేస్తారు, లోపల ఫొటోలు తియ్యనివ్వరు. ఫోను పక్కన పెట్టడం వల్ల కళ్ళతోనే చూస్తాం. అది నాకు నచ్చింది.

కావర్న్ క్లబ్ సంగతి మాత్రం ముందే తెలుసుకుని వెళ్ళాలి. బీటిల్స్ అక్కడ 292 సార్లు వాయించారని లెక్క. ఆ నేలమాళిగని 1973లో రైలు పనుల కోసం పూడ్చేశారు. ఇప్పుడు మనం దిగేది 1984లో దాదాపు అదే చోట, పాత ఇటుకలు కొన్ని వాడి మళ్ళీ కట్టింది. జాన్ పాటకెక్కిన ఒకప్పటి అనాథాశ్రమం స్ట్రాబెర్రీ ఫీల్డ్ దగ్గర రోడ్డు వైపు కనిపించే ఎర్ర గేటు కూడా నకలే, అసలుది లోపల భద్రంగా పెట్టారు. ఈ సంగతి తెలియక గేటు పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్న ఆవిణ్ణి చూశాను. నేనేం చెప్పలేదు. ఆవిడ కన్నీళ్ళు పాట కోసం, గేటు కోసం కాదు కదా.

ఇక రిషికేశ్. 1968 ఫిబ్రవరి మధ్యలో జాన్, జార్జ్ భార్యలతో సహా ధ్యానం నేర్పే మహర్షి మహేశ్ యోగి ఆశ్రమానికి వచ్చారు. నాలుగు రోజులకి పాల్, రింగో. రింగోకి చిన్నప్పుడు కడుపు జబ్బులు చేసి తిండి పడేది కాదు, అందుకని పెట్టెలో చిక్కుడు గింజల డబ్బాలు తెచ్చుకున్నాడు. ఆవకాయ సీసా లేకుండా గడప దాటని మనకి ఆ బాధ ఎవరూ చెప్పక్కర్లేదు. రింగో పది రోజులకే వెళ్ళిపోయాడు, పాల్ మార్చి నెలాఖరుకి. జాన్, జార్జ్ ఏప్రిల్ దాకా ఉన్నారు. చివరికి మహర్షితో మనస్పర్థ వచ్చి బయల్దేరారు.

ఆ కొన్ని వారాల్లో పుట్టినన్ని పాటలు వాళ్ళకి ఇంకెక్కడా అంత తొందరగా పుట్టలేదు. ఆ ఏడు నవంబరులో వచ్చిన వైట్ ఆల్బమ్‌లో 30 పాటలుంటే, వాటిలో చాలావాటికి మొలక అక్కడే. ప్రుడెన్స్ ఫారో అనే అమ్మాయి గది తలుపేసుకుని ధ్యానంలోంచి బయటికి రాకపోతే, ఆమెని పిలవడానికి కట్టిన పాట "డియర్ ప్రుడెన్స్". స్కాట్లాండ్ గాయకుడు డోనొవన్ కూడా అప్పుడు అక్కడే ఉన్నాడు. తీగల్ని ఒక్కొక్క వేలితో మీటే పద్ధతి జాన్‌కి నేర్పింది ఆయనే. మా మేనల్లుడు రోజూ సాధన చేసేది సరిగ్గా అదే పద్ధతి.

జానకీ సేతు దాటి స్వర్గాశ్రమం వైపు గంగ ఒడ్డున నడిచి పోతే ఆ ఆశ్రమం గేటు వస్తుంది. దాని పేరు ఇప్పుడు చౌరాసీ కుటియా. ఏళ్ళ తరబడి పాడుబడి ఉన్నదాన్ని అటవీ శాఖ 2015 డిసెంబరులో టికెట్టు పెట్టి తెరిచింది. రాజాజీ పులుల అభయారణ్యంలో ఉంది కాబట్టి చీకటి పడకముందే బయటికి పంపేస్తారు. పొద్దున్నే వెళ్ళాలి. పైకప్పులు కూలిన గదుల్లోంచి చెట్లు మొలిచాయి. గంగలోని గుండ్రాళ్ళు పేర్చి గోపురాల్లా కట్టిన ధ్యాన గదులు వరసగా ఉంటాయి. ఒకదాంట్లోకి వంగి దూరాను. లోపల చల్లగా, తడి మట్టి వాసన. "ఊఁ" అంటే ఆ శబ్దం గోడ చుట్టూ తిరిగి మళ్ళీ నెత్తి మీదికి దిగింది.

అయితే ఇక్కడా ఒక నిజం చెప్పాలి. ఆ గోపురాలు 1970ల్లో కట్టినవి, బీటిల్స్ వెళ్ళిపోయిన తర్వాత. పెద్ద హాల్లో గోడల నిండా ఉన్న రంగుల బొమ్మలైతే మరీ ఈమధ్యవి. అంటే జనం ఎక్కువ ఫొటోలు దిగే రెండూ ఆ నలుగురూ చూడనివే. లివర్‌పూల్‌లో కావర్న్‌ని తప్పుపట్టి ఇక్కడ ఊరుకుంటే న్యాయం కాదు. మరి వాళ్ళు చూసినవేంటి? గుట్ట అంచు, కింద గంగ, అవతలి ఒడ్డు, కోతుల గోల. అంచున ఒక రాతి మీద కూర్చుంటే నది హోరు కిందనుంచి తెరలుగా వస్తుంది. కరెంటు వాద్యాలు వదిలేసి మామూలు గిటార్లతో వచ్చినవాళ్ళు ఆ హోరులో ఎంత మెల్లగా పాడి ఉంటారో అక్కడ కూర్చుంటేనే అందుతుంది.

లండన్‌లో వాళ్ళ రికార్డు అట్ట మీది ఫొటో తీసిన అబీ రోడ్ జీబ్రా క్రాసింగు, బొంబాయిలో 1968 జనవరిలో జార్జ్ రికార్డింగు చేసిన స్టూడియో కూడా వాడి జాబితాలో ఉన్నాయి. అబీ రోడ్‌లో అయిదు నిమిషాల పని, వాళ్ళు పాటలు రికార్డు చేసిన అక్కడి స్టూడియో లోపలికి జనాన్ని రానివ్వరు. బొంబాయి సంగతి చదువుకోవడానికి బాగుంటుంది, ప్రయాణం కట్టేంత లేదు. రెండూ పక్కన పెట్టమన్నాను.

నేను రిషికేశ్ ముందు అనడానికి అసలు కారణం ఒక పాట. 1980ల్లో మా అన్నయ్య టాటానగర్‌లో ఉండగా ఒక క్యాసెట్ తెచ్చాడు. అందులో "జూలియా" ఉంది. ఒకటే గొంతు, గిటారు, ఇంకేమీ లేదు. మాటలు సగం అర్థమయ్యేవి కాదు గానీ, ఎవరో లేని మనిషిని పిలుస్తున్నాడని మాత్రం తెలిసేది. అది తల్లి మీద పాట అని చాలా ఏళ్ళకి చదివాను. 1958 జులై 15న జూలియా మెండిప్స్‌లో అక్కని చూసి బయటికొచ్చి, ఇంటి ముందు రోడ్డు దాటుతుంటే కారు గుద్దేసింది. జాన్‌కి అప్పుడు పదిహేడేళ్ళు. ఆ పాట మాత్రం అప్పుడు రాలేదు. పదేళ్ళు లోపలే ఉండి, గంగ ఒడ్డున, కొత్తగా నేర్చిన ఆ వేళ్ళ పద్ధతిలో బయటికొచ్చింది.

నేను ముందు లివర్‌పూల్ చూశాను. ఆ రోడ్డు పక్కన నిలబడ్డప్పుడు అది కార్లు పోయే వెడల్పాటి రోడ్డు, అంతే. గబగబా ఫొటో తీసుకుని బస్సెక్కేశాను. మూడేళ్ళ తర్వాత రిషికేశ్‌లో గుట్ట అంచున కూర్చుని చెవిలో ఆ పాట పెట్టుకున్నప్పుడు ఆ రోడ్డు కళ్ళ ముందుకొచ్చింది. అక్కడ ఇంకో పది నిమిషాలు నిలబడి ఉండాల్సిందని ఇప్పటికీ బాధే. వాడికి ఆ బాధ వద్దు. ముందు పాట పుట్టిన చోటు చూడాలి, దాని వేరు ఎక్కడుందో తర్వాత వెతుక్కుంటూ వెళ్ళాలి.

ఎవరికైనా ఇదే చెబుతానా అంటే, చెప్పను. తొలినాళ్ళ పాట "లవ్ మీ డూ" నాటి గంతుల బీటిల్స్‌ని ఇష్టపడేవాళ్ళకి రిషికేశ్‌లో ఏమీ దొరకదు. వాళ్ళు అప్పు చేసైనా లివర్‌పూలే వెళ్ళాలి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకీ అంతే, ఆశ్రమంలో అంతా ఎత్తుపల్లాలే. విదేశంలో పిల్లలుండి ఎలాగూ వెళ్ళేవాళ్ళు ఒక రోజు మిగుల్చుకుని ఆ రెండు ఇళ్ళకి టికెట్లు తీసుకోవాలి. మా వాడిలా వైట్ ఆల్బమ్ వింటూ వేళ్ళు కాయలు కాయించుకునేవాడికి మాత్రం రిషికేశే, అదీ ఫిబ్రవరిలోనే. ఎండ ముదరదు, వాళ్ళు వచ్చిన కాలమూ అదే. కూడబెట్టిన డబ్బులో పెద్ద ముక్క అలాగే ఉంటుంది, లివర్‌పూల్‌కి రెండేళ్ళు ఆగొచ్చు.

రైలు టికెట్లు అరవై రోజుల ముందు ఇస్తారు. ఫిబ్రవరి 16కి అక్కడ ఉండాలంటే డిసెంబరు మధ్యలో ఉత్కళ్‌కి టికెట్టు తియ్యాలి. వాడితో చెప్పాను, రెండు తియ్యమని. నాకు కింది బెర్తు.