హనోయ్ నుంచి సైగాన్ దాకా: రైలా, స్లీపర్ బస్సా, విమానమా?

హనోయ్, హ్యూ, హోయ్ ఆన్, సైగాన్ (ఇప్పటి హో చి మిన్ సిటీ). వియత్నాం పాత నగరాలు చూడబోయేవాళ్లు ఎక్కువగా వేసుకునే వరస ఇదే. పట్టాల మీద మొత్తం 1,726 కిలోమీటర్లు. అంతా రైల్లోనే పోతే ప్రయాణానికే ముప్పై గంటలు దాటుతుంది. అంతా విమానమే అనుకుంటే అసలు చూడాల్సిన తీరం మబ్బుల కింద ఉండిపోతుంది. అందుకే ఏ మజిలీకి ఆ లెక్క వేరే.

హనోయ్–హ్యూ, 688 కి.మీ.

ఇక్కడ రాత్రి రైలే మేలు. సాయంత్రం ఎక్కితే 13–14 గంటల్లో, పొద్దున్నకి హ్యూలో దిగుతారు. హోటల్ అద్దె ఒక రాత్రిది మిగులుతుంది. నాలుగు బెర్తుల గదే తీసుకోండి. ఆరు బెర్తుల గదిలో పై బెర్తు మీద నిటారుగా కూర్చోలేరు. మన థర్డ్ ఏసీలా సైడ్ బెర్తులుండవు, గదికి తలుపుంటుంది. కింది బెర్తు ధర కాస్త ఎక్కువే, అయినా తెల్లారాక పైవాళ్లు దిగొచ్చి మీ పరుపు మీదే కూర్చుంటారు.

విమానం గాల్లో ఉండేది గంటంబావు లోపే. కానీ హనోయ్ విమానాశ్రయం ఊరికి దాదాపు 30 కి.మీ., హ్యూలో దిగాక ఇంకో 15. చెకిన్ కూడా కలుపుకుంటే సగం పగలు ఖర్చు. స్లీపర్ బస్సు చవకే గానీ, పొడుగ్గా ఉన్నవాళ్లు రాత్రంతా మోకాళ్లు ముడుచుకోవాల్సిందే. పైగా చాలాసార్లు చీకటుండగానే దింపేస్తుంది, హోటల్ గదేమో మధ్యాహ్నానికి గాని ఇవ్వరు.

హ్యూ–హోయ్ ఆన్

ఈ దారిలో బస్సెక్కడం శుద్ధ దండగ. 2005లో తెరిచిన హై వాన్ సొరంగంలో ఆరు కిలోమీటర్లు చీకట్లో పోతుంది. రైలు మాత్రం కొండ అంచునే సముద్రాన్ని ఒరుసుకుంటూ వెళ్తుంది. హోయ్ ఆన్‌కు దగ్గరి స్టేషన్ డా నాంగ్ దాకా 103 కి.మీ., రెండున్నర నుంచి మూడు గంటలు. పగటి రైలే ఎక్కండి, ఎడమవైపు సీటు తీసుకోండి, సముద్రం అటే. లాంగ్ కో స్టేషన్ దాటాక ఫోన్ చూస్తూ కూర్చోకండి.

హోయ్ ఆన్‌కు రైల్వే స్టేషనూ లేదు, విమానాశ్రయమూ లేదు. డా నాంగ్‌లో దిగి 30 కి.మీ. టాక్సీలో పోవాలి. పెద్దవాళ్లు, నాలుగైదు సూట్‌కేసులు ఉంటే హ్యూ హోటల్ నుంచి నేరుగా కారు మాట్లాడుకోవడమే సుఖం. బేరమాడేటప్పుడే ‘హై వాన్ కనుమ మీదుగా’ అని చెప్పాలి, లేదంటే డ్రైవర్ సొరంగం దారి పట్టేస్తాడు.

డా నాంగ్–సైగాన్

రైల్లో 935 కి.మీ., పదిహేడు గంటల పైనే. విమానంలో గంటన్నర. ఆలోచించక్కర్లేదు. ఒక్క చిక్కుంది: చవక విమానాల్లో చేతి సామాను సాధారణంగా ఏడు కిలోలే. హోయ్ ఆన్‌లో కుట్టించుకున్న బట్టలతో ఆ ఏడు దాటిపోతుంది. బ్యాగేజీ ముందే కొనండి, కౌంటర్ దగ్గర రేటు వాచిపోతుంది. బట్టలు కుట్టించాలంటే దిగిన రోజే కొలతలివ్వండి, సరిచూసుకోవడానికి రెండుసార్లు వెళ్లాల్సి వస్తుంది. అక్కడ మూడు రాత్రులుంటే ‘మీ సన్’ (Mỹ Sơn) అనే చోటున్న పాత శివాలయాలకూ ఒక ఉదయం దొరుకుతుంది.

అక్టోబర్, నవంబర్‌లలో ఈ ప్లానంతా తారుమారవుతుంది. హ్యూ, హోయ్ ఆన్‌లకు వరదలొచ్చే కాలమది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా నాలుగు ఊళ్లకూ బాగుంటుంది, టెట్ పండగ (వాళ్ల కొత్త సంవత్సరం) వారం మాత్రం తప్పించండి. రైలు టికెట్లు దొరకవు, చాలా దుకాణాలు మూసేస్తారు.

తేదీలు ఇంకా ఖాయం కాకపోతే పంచాంగం చూడండి. హోయ్ ఆన్‌లో ప్రతి చాంద్రమాసం 14వ రాత్రి పాత వీధుల్లో కరెంటు దీపాలు తగ్గించి లాంతర్లు వెలిగిస్తారు. వాళ్ల నెల కూడా మనలాగే అమావాస్యతో లెక్క కాబట్టి అది ఒకరోజు అటూ ఇటూగా మన శుద్ధ చతుర్దశే. మర్నాడు పున్నమి, చాలామంది వియత్నామీయులు మాంసం ముట్టరు. చేపల సాస్ లేని కూర దొరకడమే గగనమైన దేశంలో శాకాహారులకు అంతకంటే తేలికైన రోజు ఉండదు. బోర్డు మీద ‘చాయ్’ (chay) అని ఉందేమో చూడండి. అది టీ కాదు, శాకాహారం.