లెక్కల హోమ్ ట్యూషన్ మూడేళ్లు: "కరెక్టేనా సార్?" ఎప్పుడు తగ్గిందంటే

హన్మకొండలో ఇంటికొచ్చి లెక్కలు చెప్పే ట్యూషన్ గురించి ఈ సమీక్ష. 7వ తరగతిలో మొదలై 9 పూర్తయ్యేదాకా నడిచింది. వారానికి నాలుగు రోజులు, పూటకు గంటంబావు, ఒక సారు, ఒక్కరే విద్యార్థి. మధ్యలో ఆరు నెలలు పదిమంది బ్యాచ్‌లో కూడా సాగింది కాబట్టి రెండింటి తేడా చెప్పగలను. సారు పేరు, నంబరు అడగకండి. 5లో 4 ఇస్తున్నాను. ఆ ఒక్కటి ఎక్కడ పోయిందో కింద ఉంది.

లెక్కల్లో ధైర్యం వచ్చిందా లేదా అని మార్కుల్లో వెతికితే తొందరగా దొరకదు. గంటలో పిల్లలు ఎన్నిసార్లు తలెత్తి "కరెక్టేనా సార్?" అంటున్నారో లెక్కపెట్టండి. మొదటి వారం లైనుకోసారి అదే మాట. ట్యూషన్ పనిచేస్తుంటే అది తగ్గుతూ పోతుంది. మెచ్చుకుంటే తగ్గదు. తన జవాబు తానే సరిచూసుకునే పని చేతికొస్తేనే తగ్గుతుంది.

మొదటి రెండు వారాలు స్కూలు పుస్తకం తీయలేదు. ఇది మాకు బాగా నచ్చింది. సారు 25 లెక్కల కాగితం ఇచ్చారు: ఎక్కాలు, భిన్నాలు, దశాంశాలు, రుణ సంఖ్యలు, సరళ సమీకరణాలు, ఒక్కోదాని మీద అయిదు. టైం పెట్టలేదు. దిద్దినప్పుడు మార్కులూ వేయలేదు, తప్పు పక్కన ఒక మాట రాశారంతే: ఎక్కం, గుర్తు, తొందర, అర్థం కాలేదు. 7వ తరగతి లెక్క రాకపోవడానికి కారణం చాలాసార్లు 5వ తరగతిలో ఉంటుంది. అది పట్టుకోకుండా స్కూల్లో నడుస్తున్న పాఠమే మళ్లీ చెప్పే ట్యూషన్ అయితే, పొద్దున అర్థం కానిది సాయంత్రం ఇంకోసారి అర్థం కాకుండా పోతుంది.

ఆ కాగితంలో దొరికిన తప్పు ఒకటి చూడండి. 2/3 + 1/4 అంటే 3/7 అన్నది విద్యార్థి జవాబు. పైవి పైవి, కిందివి కిందివి కలిపేశారు. సారు కసాగు మొదలుపెట్టలేదు. జొన్నరొట్టె బొమ్మ గీసి, "మూడు ముక్కల్ల రెండు నీ దగ్గరున్నయి. సగం కన్నా ఎక్కువనా, తక్కువనా?" అన్నారు. ఎక్కువ. "మరి 3/7?" సగానికి తక్కువ. "ఇంకింత కలిపినంక ఉన్నది తగ్గుతదా బిడ్డా?" 8/12 + 3/12 = 11/12 చేయించింది ఆ తర్వాతే. జవాబు ఎంత చుట్టుపక్కల రావాలో ముందే అనుకోవడం ఒకసారి అలవాటైతే, దశాంశాల్లో చుక్క తప్పు చోట పెట్టడం కూడా చాలావరకు ఆగిపోతుంది.

ఎక్కువ రోజులు వేధించింది మైనస్ గుర్తే. 20 − (8 − 3) ఇస్తే 20 − 8 − 3 చేసి 9 అంటారు. బ్రాకెట్ ముందు మైనస్ ఉంటే లోపలి గుర్తు మారుతుందని సూత్రం చెప్తే ఆ రోజుకు వస్తుంది, శుక్రవారానికి పోతుంది. డబ్బుల్లో చెప్తే నిలిచింది: చేతిలో 20 రూపాయలు, వస్తువు 8, దాని మీద 3 తగ్గింపు. కట్టేది 5, మిగిలేది 15.

తర్వాత సమీకరణం. 5ఎక్స్ − 2(ఎక్స్ − 3) = 27. సరిగ్గా చేస్తే 3ఎక్స్ + 6 = 27, ఎక్స్ 7. గుర్తు తప్పితే 3ఎక్స్ − 6 = 27, ఎక్స్ 11. ఇక్కడే సారు పనితనం కనిపించింది. 11 కూడా చూడ్డానికి ముచ్చటైన జవాబే, భిన్నం గిన్నం ఏమీ లేదు, కాబట్టి అనుమానం రాదు. అలాంటి లెక్కలే ఏరి ఇచ్చేవారు. వచ్చిన జవాబును మళ్లీ మొదటి లైనులో పెట్టి చూడాలి: 55 − 16 = 39, 27 రాలేదు, కాబట్టి తప్పు. 7 పెడితే 35 − 8 = 27. ఈ సరిచూపు నిమిషంలోపు పని. "కరెక్టేనా?" అని అడిగితే సారు ఒకటే అనేవారు: "పెట్టి చూడు." రెండు నెలలు ఈ రెండు మాటలు తప్ప వేరే జవాబు రాలేదు. పిల్లలు విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి.

పక్షాంతరం (సమీకరణంలో ఒక వైపున్నదాన్ని రెండో వైపుకు పంపడం) సంగతి ట్యూషన్ సార్లందరూ వినాలి. "అటు పోతే గుర్తు మారుతది" అని ముందే నేర్పితే పిల్లలు దాన్ని అన్నిచోట్లా వాడేస్తారు. 3ఎక్స్ = 18 ఇస్తే 3ని అటు పంపి ఎక్స్ = 18 − 3 అని 15 రాస్తారు. మొదటి నెల పక్షాంతరం అనే మాటే వాడకుండా, రెండు వైపులా ఒకే పని చేయడం, అంటే ఇటు 3తో భాగిస్తే అటు కూడా 3తో భాగించడం, లైను లైనుగా రాయించాలి. పుటలు నిండుతాయి, ఏం పరవాలేదు.

మాటల లెక్కల్లో తప్పుకు మూలం లెక్క కాదు, భాష. తెలంగాణ సర్కారు బడుల్లో ఇంగ్లీష్ మీడియం 2022-23లో అంతటా మొదలైనప్పుడు పుస్తకాలు రెండు భాషల్లో వచ్చాయి. ఆ తెలుగు పుటను వదిలేయకండి. "ఎయిట్ లెస్ దాన్ ఎ నంబర్" అని చదివి, వినిపించిన వరసలోనే 8 − ఎక్స్ రాసేస్తారు. అదే "ఒక సంఖ్య కన్నా 8 తక్కువ" అని చదివితే సంఖ్య ముందొచ్చింది, 8 తర్వాతొచ్చింది, ఎక్స్ − 8 దానంతటదే పడుతుంది. ప్రైవేటు బడి పిల్లలకూ ఇదే చిట్కా: లెక్కను ముందు తెలుగులో గట్టిగా చెప్పించండి, ఆ తర్వాత పెన్ను.

తప్పుల కోసం విడిగా ఒక నోటుబుక్, 100 పేజీలది చాలు. పుటకు మూడు గడులు: తప్పు చేసిన లైను (లెక్క మొత్తం వద్దు), ఎందుకు తప్పు, అలాంటిదే కొత్త లెక్క. శనివారం అందులోంచి అయిదు మళ్లీ చేయాలి. రెండు శనివారాలు సరిగ్గా వస్తే కొట్టేయాలి. రబ్బరు వాడొద్దు, తప్పు కనబడుతూ ఉండాలి.

మార్కులు వెంటనే పెరగలేదు. మొదటి ఎఫ్ఏలో (స్కూల్లో మధ్యమధ్యలో పెట్టే చిన్న పరీక్ష) తేడా లేదు, రెండో దాంట్లో తగ్గాయి కూడా. అన్ని స్టెప్పులూ రాస్తూ, సరిచూసుకుంటూ పోతే చివరి లెక్కలకు టైం చాలలేదు. చాలామంది అక్కడే సారును మార్చేస్తారు. మూడో నెల నుంచి వారానికోసారి 20 నిమిషాలు గడియారం పెట్టి చేయించాక వేగం వచ్చింది. గడియారం మొదటి రోజే పెడితే మాత్రం భయం రెట్టింపవుతుంది.

బ్యాచ్ గురించి ఎక్కువ రాయను. పదిమందిలో ఇద్దరు ముందే జవాబు అరుస్తారు, మిగతా ఎనిమిది మంది దాన్ని రాసుకుంటారు. అందరి చేతికీ పలకలిచ్చి, రాశాకే ఎత్తి చూపించమంటే బ్యాచ్ కూడా నడుస్తుంది. మేము చూసిన చోట పలకలు లేవు.

ఇక పోయిన ఆ ఒక్క మార్కు జ్యామితిది. బీజగణితంలో అంత ఓపిక చూపించిన సారు, 9వ తరగతి నిరూపణలకు వచ్చేసరికి గైడులో ఉన్నది బట్టీ పట్టించారు. పటం కొంచెం తిప్పి గీస్తే పిల్లలు గుర్తుపట్టలేదు. పటం పిల్లలే గీసి, ఇచ్చినవి ఒక రంగులో, కావాల్సింది ఇంకో రంగులో గుర్తుపెట్టి, ప్రతి లైను పక్కన కారణం రాయాలి. అది జరగలేదు. 8లో చతుర్భుజాల నిర్మాణాలప్పుడు ఇంకో చిన్న విషయం: కంపాస్ మర వదులైతే చాపాలు కలవవు. తనకే రావడం లేదనుకొని పిల్లలు కుంగిపోతారు. మర బిగించండి, పెన్సిల్ చెక్కి పెట్టండి.

ఇక్కడ సార్లు ఎక్కువగా బీఈడీ చేసి డీఎస్సీకి చదువుతున్నవాళ్లు, లేదంటే వరంగల్ నిట్‌లో ఇంజనీరింగ్ చదివే పిల్లలు. మొదటివాళ్లు నోటిఫికేషన్ పడితే ఆగిపోతారు, రెండోవాళ్లు సెమిస్టర్ పరీక్షలప్పుడు, సెలవుల్లో దొరకరు. తప్పుల నోటుబుక్ ఉంటే కొత్త సారు రెండు రోజుల్లో అందుకుంటారు. ఫీజు నెల లెక్కన కాక క్లాసు లెక్కన మాట్లాడుకోండి. బతుకమ్మ, దసరా సెలవులొచ్చే నెలలో పేచీ ఉండదు.

డెమో క్లాసులో సారు ఎంత బాగా చెప్తున్నారని చూడకండి, పెన్ను ఎవరి చేతిలో ఉందో చూడండి. గంటలో ముప్పావు గంట అది పిల్లల చేతిలోనే ఉండాలి. స్కూలు హోంవర్కు సారే చేసిపెడుతుంటే ఆ నెలతో ఆపేయండి.

9 మధ్యలో నాలుగు రోజుల్ని రెండు చేశాం, చివరికి శనివారం ఒక్కటే మిగిలింది. వేసవిలో ట్యూషన్ లేదు, తప్పుల నోటుబుక్ నుంచి రోజుకు అయిదు లెక్కలు, పొద్దున ఎండ ముదరకముందే.