‘సినిమా స్పాట్ల’ కారు ప్యాకేజీ: గండికోట తీసేస్తేనే గిట్టుబాటు

కర్నూలులో ఒక ట్రావెల్స్ వాళ్లు ‘సినిమా స్పాట్లు’ అని ఒక్కరోజు కారు ప్యాకేజీ ఇస్తున్నారు. కొండారెడ్డి బురుజు, ఓర్వకల్లు రాక్ గార్డెన్, బనగానపల్లె బంగళా, బెలుం గుహలు, గండికోట. పొద్దున 6కు బయల్దేరితే రాత్రి 10కి ఇల్లు. కారుకు వంక పెట్టలేం, ఏసీ బాగా పనిచేస్తుంది, డ్రైవర్లకు దారులు కొట్టినపిండి. చిక్కంతా ప్లాన్‌లో ఉంది.

ఓర్వకల్లు అరగంట దారి, నంద్యాల రోడ్డు మీదే. అక్కణ్ణుంచి బనగానపల్లె గంటకు పైనే, బనగానపల్లె నుంచి బెలుం ఇంకో గంట, బెలుం నుంచి జమ్మలమడుగు మీదుగా గండికోట గంటన్నర. తిరిగి కర్నూలుకు 3 గంటలకు తగ్గదు. అంటే చక్రాల మీదే 7 గంటలు. మధ్యలో భోజనం, టీలు, బెలుంలో నడక పోను గండికోట చేరేసరికి పొద్దు గుంకుతుంది. అంత దూరం పోయి చీకట్లో లోయను చూసి రావడం దండగ. దాన్ని తీసేయమంటే వీళ్లు కాదనరు, కాకపోతే అడగాలి. గండికోటకు విడిగా ఒక రాత్రి పెట్టుకొని, తెల్లారి ఎండ లోయలోకి దిగేటప్పుడు చూడటమే పద్ధతి. పెన్న మీదికి ఉన్న ఆ బండల అంచున రెయిలింగు లేదు, చెప్పులు కాకుండా గ్రిప్పున్న బూట్లు వేసుకోండి.

డబ్బుల సంగతి. ఐదు చోట్లూ తిరిగితే 300 కిలోమీటర్లు దాటుతుంది. ప్యాకేజీ రేటు 300 దాకే, ఆ పైన కిలోమీటరు లెక్కన అదనం. డ్రైవర్ బత్తా, పార్కింగు, ఎంట్రీ టికెట్లు కూడా విడిగానే. కిలోమీటర్లు షెడ్డు నుంచి లెక్కేస్తారా, మనం ఎక్కిన చోటి నుంచా అన్నది ముందే తేల్చుకోండి. ఎక్కగానే మీటరు ఫోటో తీసి పెట్టుకుంటే రాత్రి వాదన ఉండదు.

మొదటి స్టాప్ కొండారెడ్డి బురుజు. ‘ఒక్కడు’ (2003) వచ్చినప్పటి నుంచి కర్నూలంటే ఇదే గుర్తు. డ్రైవర్ ‘సరిలేరు నీకెవ్వరు’ (2020) కూడా ఇక్కడే తీశారని చెబుతాడు, తలూపొద్దు. దానికి బురుజు సెట్ రామోజీ ఫిల్మ్ సిటీలో వేశారు. ఫోటోకి ట్రాఫిక్ పెరగకముందే, అంటే 7 లోపల, రోడ్డు అవతలి వైపుకు పోయి కెమెరాను 2ఎక్స్‌లో పెట్టండి. దగ్గరగా నిలబడి 0.5లో తీస్తే గోడ వెనక్కి వాలినట్టు పడుతుంది. అయ్యాక ఉగ్గాని బజ్జీ తిని బండెక్కండి. ప్యాకేజీలో టిఫిన్‌కు విడిగా టైము లేదు కానీ ఆ పావుగంట ఎవరూ వద్దనరు.

ఈ ప్యాకేజీకి ప్రాణం ఓర్వకల్లే. ‘బాహుబలి’ షూటింగ్ 2013 జులై 6న మొదలైంది ఈ రాళ్ల మధ్యనే. మరి జలపాతం? దానికీ ఓర్వకల్లుకూ సంబంధం లేదు. కేరళలోని అతిరప్పిళ్లి, దాని మీద గ్రాఫిక్స్. ఇక్కడున్నవి నిటారు బండలు, వాటి మధ్య నీటి మడుగులు. ప్లాన్‌లో ముప్పావుగంట ఇచ్చారు, చాలదు. రెండు గంటలు అడిగి తీసుకోండి. 11 దాటితే బండ కాలిపోతుంది, ఎండాకాలంలో అయితే 10కే.

సినిమాలో కనిపించిన చోటు పట్టుకోవడానికి ఒక పద్ధతి ఉంది. సీను స్క్రీన్‌షాట్ ఫోన్‌లో ఉంచుకోండి. అందులో ముందున్న బండ అంచు వెనకున్న బండను ఎక్కడ కోస్తోందో చూడండి. ఆ కోత సరిపోయేదాకా పక్కలకు, ముందుకు, వెనక్కు జరగండి. సరిపోయాకే జూమ్ ముట్టుకోవాలి. చాలామంది ముందే జూమ్ తిప్పుతూ కూర్చుంటారు, అది జన్మకు కుదరదు. ఎందుకంటే బండల మధ్య ఎడం మారేది మనం నిలబడిన చోటును బట్టి, జూమ్‌ను బట్టి కాదు. ఆ తర్వాత ఎత్తు. హీరో పెద్దగా కనబడాలని కెమెరాను మోకాలి ఎత్తులో పెట్టిన షాటైతే, మనం నిలబడి ఎంత తీసినా ఆకాశం తక్కువే వస్తుంది. కూర్చోండి.

బనగానపల్లెలో ఊరి బయట గుట్ట మీదున్న నవాబు బంగళాను జనం ‘అరుంధతి’ (2009) తర్వాత అరుంధతి కోట అనే పిలుస్తున్నారు. అరగంట చాలు, నీళ్లు మీరే తీసుకెళ్లండి. 14 కిలోమీటర్ల దూరంలో యాగంటి ఉంది, ప్యాకేజీలో లేదు. గండికోట కొట్టేస్తే ఆ టైములో ఇది పడుతుంది.

బెలుం సినిమా కోసం కాకపోయినా చూడాలి. మొత్తం 3,229 మీటర్ల గుహలో జనాన్ని పోనిచ్చేది కిలోమీటరున్నర దాకా, అన్నిటికన్నా లోతు పాతాళగంగ దగ్గర, 46 మీటర్లు. లోపల చల్లగా ఉంటుందనుకుంటారు గానీ ఉక్కపోత. గాలి పంపే గొట్టాలున్నా చెమట ఆగదు. నూలు బట్టలు వేసుకోండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను మెట్ల దగ్గరే ఆపడం నయం.

ఇక పాంప్లెట్‌లో పెద్ద అక్షరాల ముక్క: ‘షూటింగ్ ఉంటే చూపిస్తాం’. ఇది నమ్మి డబ్బు కట్టొద్దు. ఏ రోజు ఎక్కడ షూటింగ్ ఉందో కారు ఓనరు చేతిలో ఉండదు, ఉన్నా లోపలికి పంపేది ప్రొడక్షన్ మేనేజర్. రోడ్డు పక్కన జనరేటర్ వ్యాను, వరసగా కేరవాన్లు, జూనియర్ ఆర్టిస్టుల బస్సు కనబడితే అప్పుడు ఆగమనండి.

కుదిరితే మాత్రం ఓపిక కావాలి. అర నిమిషం షాటుకు ముప్పావుగంట లైటింగ్. నడినెత్తిన ఎండ ఉంటే కళ్ల కింద నీడలు పడతాయి. అందుకే ఆర్టిస్టు తల పైన గుడ్డ కట్టిన ఫ్రేమ్ పెట్టి ఎండను మెత్తబరుస్తారు, పక్క నుంచి తెల్ల థర్మాకోల్‌తో వెలుగు కొడతారు. మబ్బు అడ్డమొస్తే అది కదిలేదాకా యూనిట్ మొత్తం ఆకాశం వంక చూస్తూ కూర్చుంటుంది. కెమెరా చూస్తున్న వైపు నిలబడితే ‘ఫీల్డ్ క్లియర్’ అని అరుస్తారు, తిడుతున్నారనుకోవద్దు. ఒక షాటులో వెనక మీరుండి, తర్వాతి షాటులో లేకపోతే రెండూ అతకవు. ఫోన్ జేబులోంచి తీయొద్దు. వీడియో బయటికి పోతుందని బౌన్సర్లు లాక్కుంటారు, క్లిప్ డిలీట్ చేసేదాకా ఇవ్వరు. డైలాగు అక్కడికక్కడే రికార్డు చేస్తుంటే మన దగ్గు కూడా పడుతుంది. హీరోతో ఫోటో కావాలంటే షాట్ల మధ్యలో వెంటపడకండి. లంచ్ బ్రేక్‌లో ఆయన కేరవాన్ వైపు నడిచే ఆ 20 అడుగులే అవకాశం. మేకప్ మనిషినో అసిస్టెంట్‌నో ముందుగా మర్యాదగా అడిగి పెట్టుకోండి.

గండికోట తీసేసి, యాగంటి కలుపుకొని, ఓర్వకల్లుకు 2 గంటలు రాయించుకుంటే 5కి 4 ఇస్తాను. పాంప్లెట్‌లో ఉన్నది ఉన్నట్టుగా అయితే 2. బుక్ చేసేటప్పుడు ఈ మార్పులు వాట్సాప్‌లో పెట్టించుకోండి, నోటిమాటగా చెప్తే పొద్దున వచ్చే డ్రైవర్‌కు ఆ సంగతి చేరదు.