నాలుగేళ్లుగా నా సంచిలో తిరుగుతున్న వాట్ మీటర్

నాలుగేళ్ల క్రితం నెల్లూరు ట్రంకు రోడ్డులో ఈ వాట్ మీటర్ కొన్నాను. ఒకవైపు 16 ఆంపియర్ల మూడు పిన్నులు, మరోవైపు సాకెట్, మధ్యలో చిన్న తెర. ప్లగ్గుకూ గోడకూ మధ్య దీన్ని తగిలిస్తే వాట్లు, కాలిన యూనిట్లు చూపిస్తుంది.

గ్రీన్ బిల్డింగ్ సర్టిఫికేషన్‌కు ఎనర్జీ మోడల్, అంటే భవనం ఏడాదికి ఎంత కరెంటు వాడుతుందో కంప్యూటర్లో వేసే అంచనా, తయారుచేయడం నా పని. గోడలు, అద్దాలు, ఏసీల వివరాలు డ్రాయింగుల్లో దొరుకుతాయి. ప్లగ్ లోడు, అంటే సాకెట్లకు తగిలించే యంత్రాలు వాడే కరెంటు, మాత్రం ఏ కాగితంలోనూ ఉండదు. అప్పట్లో నేను యంత్రాల వెనకున్న లేబుళ్లు చూసి కూడేసేవాణ్ణి.

ఆ అలవాటు మాన్పించింది రొయ్యల మేత అమ్మేవాళ్ల ఆఫీసు. కంప్యూటర్ డబ్బా మీద 450 వాట్లని రాసి ఉంది. మీటర్ పెడితే మానిటర్‌తో కలిపి 68. లేబుల్ చెప్పేది లోపలి కరెంటు సరఫరా డబ్బా ఇవ్వగలిగిన గరిష్ఠం, అది నిజంగా తాగేది కాదు. నలభై కంప్యూటర్లకు 18 కిలోవాట్లు వేసుకున్నాను. నిజానికి మూడు కూడా లేవు. ఒక టన్ను ఏసీ అంటే సుమారు మూడున్నర కిలోవాట్ల వేడి కాబట్టి, నాలుగు టన్నులకు పైగా ఏసీ నా లెక్కలో ఉత్తపుణ్యానికి తిరుగుతోందన్నమాట.

ఎక్కువ వేస్తే నష్టమేమిటని అడుగుతారు. ఎంత ఆదా అయిందో చూడటానికి మనం కట్టబోయే ప్రతిపాదిత భవనాన్ని బేస్‌లైన్‌తో, అంటే పోలికకు తీసుకునే మామూలు భవనంతో, పోలుస్తారు. సాధారణంగా ప్లగ్ లోడు రెండింటిలోనూ ఒకేలా ఉండాలి. ఏసీ, లైట్లకు 100 రూపాయలయ్యే చోట 30 మిగిల్చామనుకుందాం. ప్లగ్ లోడు 25 అయితే 125లో 30, అంటే 24 శాతం. అదే 50 వేస్తే 150లో 30, అంటే 20 శాతం. మన కష్టం అలా పలచబడిపోతుంది. పోనీ, తగ్గించి వేద్దామా? లీడ్ (LEED) అనే గ్రీన్ బిల్డింగ్ రేటింగ్ పాత 2009 వెర్షన్‌లో ప్లగ్ లోడు వంటి ప్రాసెస్ ఖర్చు బేస్‌లైన్ ఖర్చులో 25 శాతం కంటే తక్కువ ఉంటే ఆధారాలు జతచేయాల్సి వచ్చేది. అక్కడే నా రీడింగుల పట్టిక అక్కరకొచ్చింది.

రాత్రి సంగతి వేరు. అదే ఆఫీసులో వేడినీళ్ల, చన్నీళ్ల డిస్పెన్సర్‌కు సాయంత్రం మీటర్ తగిలించి వెళ్లాను. పొద్దున్న చూస్తే 0.8 యూనిట్లు. తాగింది వాచ్‌మన్ ఒక్కడే. "ఇది ఆపేయమంటారేమో, నా టీకి వేడినీళ్లు ఎలా సార్?" అని అడిగాడు. ఆపలేదు. మోడల్‌లో రాత్రి గంటలకు సున్నా వేయడం మాత్రం ఆ రోజుతో మానేశాను.

లోపాలూ తక్కువేం లేవు. ఐదు వాట్ల లోపు అంకెలను నమ్మలేం. ఫోను లేని చార్జర్‌కు సున్నా చూపిస్తుంది. లేజర్ ప్రింటర్ వేడెక్కేటప్పుడు వాట్లు ఎగిరెగిరి పడతాయి, తెర అందుకోలేదు. అందుకే ప్రింటర్లకు రోజంతా కాలిన యూనిట్లే చూస్తాను. లెక్కను గుర్తుంచుకునే లోపలి బటన్ సెల్ అయిపోయిన సంగతి తెలియక, ఒంగోలులో కరెంటు పోయినప్పుడు మూడు రోజుల లెక్క తుడిచిపెట్టుకుపోయింది. 6 ఆంపియర్ల సాకెట్లో ఈ లావు పిన్నులు దూరవు, అడాప్టర్ మోయాలి. కంప్యూటర్లన్నీ నేరుగా ఉమ్మడి యూపీఎస్‌కు కలిపి ఉంటే ఇది పనికిరాదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ప్యానెల్ దగ్గర, తీగ చుట్టూ పట్టించి కరెంటు కొలిచే క్లాంప్ మీటర్ పెట్టించాలి.

అయినా ఇలాంటిదే ఇంకొకటి కొనబోతున్నాను, తెరకు వెలుగున్నది చూసుకుని. బల్లల కింద దూరి, టార్చి నోట కరుచుకుని అంకెలు చదవడం ఇక నా వల్ల కాదు.