కిల్వా, గేదీ, లాము: దూలం ఎంతో గది అంతే

టాంజానియాలోని దార్ ఎస్ సలాంకి వచ్చి మూడేళ్లయింది. ఇండియా నుంచి ఎవరొచ్చినా జాంజిబార్ తీసుకెళ్లి, ఆ చెక్కుడు తలుపుల ముందు నిలబెట్టి ఫొటోలు తీసి పంపించేయడం మా ఇంట్లో ఆనవాయితీ. జాంజిబార్‌లోని పాత ఊరు స్టోన్ టౌన్ బాగుంటుంది, కాదనను. కానీ అక్కడ మనకు కనిపించేదాంట్లో ఎక్కువ భాగం 19వ శతాబ్దపు ఒమాన్ సుల్తానుల కాలం నాటిది. దానికి ఐదారు వందల ఏళ్ల ముందే ఇదే తీరంలో బంగారం, ఏనుగు దంతం అమ్మి మేడలు కట్టుకున్న స్వాహిలీ వాళ్ల (ఈ తూర్పు ఆఫ్రికా తీరపు జనం) ఊళ్లు చూడాలంటే ఇంకో దారి పట్టాలి. ఈసారి సెలవుల్లో నేనూ మా ఆవిడా మూడు చూశాం. టాంజానియాలో కిల్వా, కెన్యాలో గేదీ, లాము.

ముందు కిల్వా. దార్ నుంచి దక్షిణంగా దాదాపు 300 కిలోమీటర్లు, రుఫీజీ నది మీద పొడవాటి వంతెన దాటి వెళ్లాలి. రోడ్డు పర్లేదు, బస్సే నరకం. ఒడ్డున ఉన్న కిల్వా మసోకో అనే ఊళ్లో దిగాం. మేం తీసుకున్న గెస్ట్‌హౌస్‌కి ఏసీ ఉందన్నారు, ఉంది కూడా, కరెంటే లేదు. భోజనం మాత్రం ఆ కోపమంతా మరిపించింది. కొబ్బరిపాలతో వండిన అన్నం, కొబ్బరిపాలలోనే ఉడికించిన బీన్స్, చపాతీ (ఇక్కడా చపాతీ అనే అంటారు). శాకాహారులు భయపడక్కర్లేదు.

శిథిలాలన్నీ ఎదురుగా ఉన్న కిల్వా కిసివానీ దీవిలో ఉంటాయి. మసోకోలోని ప్రభుత్వ ఆఫీసులో పర్మిట్ తీసుకుని గైడ్‌తో వెళ్లాలి. డబ్బు మిగులుతుందని తెరచాప పడవ మాట్లాడాను, తప్పు నాదే. తిరిగొచ్చేసరికి గాలి పడిపోయింది, నీళ్లు వెనక్కి తగ్గిపోయాయి, చెప్పులు చేతిలో పట్టుకుని మోకాళ్ల లోతు బురదలో నడిచాం. మీరు మోటారు పడవే మాట్లాడుకోండి.

దీవిలో పెద్ద మసీదు దగ్గర నేను చాలాసేపు కదల్లేదు. ఉత్తరం వైపున్న పాత భాగం 11, 12 శతాబ్దాల నాటిది. గోడలు పగడపు రాయి, సున్నంతో కట్టినవి. ఆ సున్నం కూడా పగడాన్ని కట్టెల కుప్ప మీద కాల్చి తీసిందే. ద్వారబంధాల్లాంటి నాజూకు పనికి సముద్రంలోంచి పచ్చి పగడం కోసుకొచ్చి, తడి ఆరకముందే చెక్కేవాళ్లట, గాలి తగిలాక అది రాయిలా గట్టిపడుతుంది. ఇక కప్పుకి మడ చెట్ల దూలాలు. మడ దూలం మూడు మీటర్లకు మించి మోయలేదు కాబట్టి ఈ తీరంలో ఎంత డబ్బున్నవాడి ఇంట్లో అయినా గదులు సన్నగా, పొడుగ్గా, రైలు పెట్టెల్లా ఉంటాయి. అది వినగానే నాకు అనంతపురం దగ్గర మా అవ్వ మిద్దె గుర్తొచ్చింది. అక్కడా దూలం ఎంతో గది అంతే. ఎంత పెళ్లయినా ఆ సన్నటి గదుల్లోనే సర్దుకునేవాళ్లం.

దక్షిణం వైపు విస్తరణ 14వ శతాబ్దంలో సుల్తాన్ అల్ హసన్ ఇబ్న్ సులైమాన్ చేయించాడు. ఇక్కడ దూలాల గొడవే లేదు, అన్నీ కమానులు, గుమ్మటాలు. ఆయన హడావిడిపడ్డాడో మేస్త్రీలకు అనుభవం చాల్లేదో గానీ అది కూలిపోయింది, తర్వాత 15వ శతాబ్దంలో మళ్లీ కట్టారు. ఇప్పుడు మనం చూసేది ఆ రెండోసారి కట్టిందే. ఈ సుల్తాన్ హయాంలోనే 1331లో మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా ఇక్కడికొచ్చాడు. దారిలో ఒక ఫకీరు అడిగితే సుల్తాన్ ఒంటి మీద బట్టలు ఇచ్చేశాడని రాశాడు. ఆ సుల్తానే ఊరికి దూరంగా గుట్ట అంచున వందకు పైగా గదులతో హుసూని కుబ్వా అనే భవనం మొదలుపెట్టి పూర్తిచేయలేకపోయాడు. అక్కడ ఎనిమిది పలకల కొలను చూడకుండా వెనక్కి రావద్దు, ఎండ మాడ్చేస్తుంది, అయినా వెళ్లండి. ఈ డబ్బంతా జింబాబ్వే వైపు నుంచి సోఫాలా రేవుకు దిగే బంగారం మీద వచ్చిన లాభం. 1505లో పోర్చుగీసు వాళ్లు వచ్చి దోచుకోవడంతో పాత వైభవం పోయింది.

గైడ్ పెద్దాయన ఇంకో కథ చెప్పాడు. పర్షియాలోని షిరాజ్ నుంచి వచ్చిన రాకుమారుడు దీవి చుట్టూ పరవగలిగినంత బట్ట ఇచ్చి దీన్ని కొన్నాడట. కథ కథే. 2023లో వచ్చిన డీఎన్ఏ పరిశోధన మాత్రం ఈ తీరపు పాత సమాధుల్లోని వాళ్లకు తల్లి వైపు ఆఫ్రికా, తండ్రి వైపు ఎక్కువగా పర్షియా మూలాలు ఉన్నాయని చెప్పింది. అంటే కథ పూర్తిగా గాలికబురు కాదు, కాకపోతే అందులో ఇక్కడి అమ్మల ఊసే లేదు.

గేదీ దీనికి పూర్తిగా వ్యతిరేకం. మలిండి, వటాము బీచ్‌ల దగ్గరే, రోడ్డు పక్కనే, టికెట్ కొని లోపలికి వెళ్లడమే. పెద్దవాళ్లతో వెళ్తే నేను ఇదే చెప్తాను, చెట్ల నీడలో రెండు గంటల్లో అయిపోతుంది. అడవిలో మునిగిపోయిన ఊరు. తవ్వినప్పుడు దొరికిన వస్తువుల్ని బట్టి ఇళ్లకు పేర్లు పెట్టారు: కత్తెర ఇల్లు, గవ్వల ఇల్లు, ఇనుప దీపం ఇల్లు. ఆ దీపం మన దేశం నుంచి వెళ్లిందేనంటారు. ఒక సమాధి మీద 1399కి సరిపోయే హిజ్రీ సంవత్సరం చెక్కి ఉంది. ఇళ్లలో మరుగుదొడ్లు చూసి మా ఆవిడ కిల్వా గెస్ట్‌హౌస్‌ని తలుచుకుంది. 17వ శతాబ్దం మొదట్లో ఊరు ఖాళీ అయింది, ఎందుకన్నదానికి ఎవరి వాదన వాళ్లది. కోతులున్నాయి, చేతిలో అరటిపండు పెట్టుకోవద్దు.

లాము మాత్రం శిథిలం కాదు, బతికున్న ఊరు. రోడ్డు మీద భద్రత సమస్యలుంటాయని విమానంలో వెళ్లాం, ఎదురు దీవిలో దిగి పడవెక్కాలి. సందుల్లో కార్లు లేవు, గాడిదలే. ఎక్కువ ఇళ్లు 18వ శతాబ్దం నాటివి, ప్వానీ మసీదు మాత్రం 1370 నాటిది. ప్రతి ఇంటి ముందూ మన అరుగులాంటి అరుగు. పెద్దవాళ్లు కనిపిస్తే 'షికామో' అనండి, మన దండం లాంటిది, ముఖం విచ్చుకుంటుంది. పాత ఇంట్లోనే గది తీసుకున్నాం, మూడు ఊళ్లలో అన్నిటికంటే ఖరీదు అదే, పైసా వృథా కాలేదు. గోడ నిండా గచ్చుతో చెక్కిన గూళ్లు, పైన మడ దూలాలు. నిద్ర పట్టక లేచి గది వెడల్పు అడుగులేసి కొలిచాను. మూడు మీటర్లకు కాస్త తక్కువే.

"అవ్వ మిద్దె పడగొట్టేముందు కొలిచి ఉంటే బాగుండేది" అంది మా ఆవిడ, దోమతెరలోంచి.